ఫైలు జూన్‌ది, కాల్స్ జూలైవి

"అమ్మా, ఈ ఫైలు మనకొచ్చింది జూన్ రెండో వారంలో కదా. మరి ఇందులో జూలై కాల్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

అడిగినాయన ఒక ఏఎస్ఐ. అప్పటికి రిటైర్మెంట్‌కి ఇంకో ఏడాదిన్నర ఉంది. మౌస్ ఎక్కడ జారిపోతుందో అన్నట్టు గట్టిగా పట్టుకునేవారు. నేను చేసిన డ్యాష్‌బోర్డు (కాల్ రికార్డుల్ని చార్టులుగా, మ్యాపులుగా చూపించే తెర) అడుగున తేదీల స్లైడర్ ఒకటి ఉంది. మేం అడిగి తెప్పించుకున్న కాల్ రికార్డు జనవరి నుంచి మే వరకే కాబట్టి, దాన్ని ఆ అయిదు నెలల దగ్గర నేనే బిగించి పెట్టాను. ఆయన ఊరికే, చిన్నపిల్లలు రేడియో మీట తిప్పినట్టు, దాన్ని కుడివైపు చివరిదాకా లాగారు. జూలైలో కడ్డీలు లేచాయి. ఆగస్టులో లేచాయి. డిసెంబర్ దాకా లేస్తూనే ఉన్నాయి. మేమేమో ఇంకా జూన్‌లోనే ఉన్నాం.

నాకు చెవులు వేడెక్కిపోయాయి. ఎందుకంటే ఆ పొద్దున్నే ఎస్ఐ గారికి ఒక థియరీ కూడా చెప్పేశాను. "సార్, ఈ నంబర్ వాడే మనిషి ప్రతి నెలా ఒకటో తేదీ నుంచి అయిదో తేదీ దాకానే మాట్లాడుతున్నాడు, తర్వాత చడీచప్పుడు లేదు. నెల మొదట్లో వసూళ్లకు తిరిగే మనిషి అయ్యుంటాడు" అన్నాను. ఆయన తలూపి డైరీలో రాసుకున్నారు కూడా.

జరిగిందేమిటంటే, టెలికాం కంపెనీ పంపిన ఫైల్లో తేదీ మన పద్ధతిలో ఉంది, రోజు ముందు, నెల తర్వాత. నా ల్యాప్‌టాప్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంది, నెల ముందు. 07/04 అంటే మనకు ఏప్రిల్ 7. నా ల్యాప్‌టాప్‌కి అది జూలై 4. ఇక 25/03 లాంటివి దానికి అర్థమే కాలేదు, ఇరవై అయిదో నెల ఉండదు కదా, అందుకని ఆ గడి ఖాళీగా వదిలేసింది. తేదీ ఖాళీగా ఉన్న వరుసను చార్టు లెక్కలోకి తీసుకోదు, తీసుకోలేదని చెప్పనూ చెప్పదు. అలా ప్రతి నెలా 13 నుంచి నెలాఖరు దాకా ఉన్న కాల్స్ అన్నీ మాయమయ్యాయి. మిగిలినవి పన్నెండు నెలలకూ చెదిరిపోయాయి. ఫైల్లో ఉన్నది అయిదు నెలలే కాబట్టి ఏ నెలలో చూసినా అయిదు రోజులే కనబడ్డాయి. నెల మొదట్లో వసూళ్లకు తిరిగే ఆ మనిషి ఎక్కడా లేడు, అతణ్ణి నా ల్యాప్‌టాప్ పుట్టించింది. మేం దర్యాప్తు చేస్తున్న ఘటన ఏప్రిల్ 7 సాయంత్రానిది. ఆ సాయంత్రం ఆ నంబర్ నుంచి వెళ్లిన మూడు కాల్స్ నా తెర మీద జూలై 4న హాయిగా కూర్చున్నాయి. (కేసు గుర్తుపట్టకుండా తేదీలు మార్చి రాస్తున్నాను. తప్పు మాత్రం ఉన్నది ఉన్నట్టే.)

నేను పోలీసును కాదు. ఒక చిన్న కంపెనీ తరఫున, కాంట్రాక్టు మీద, ఒక జిల్లా సైబర్ సెల్‌లో కూర్చుని సీడీఆర్‌లకూ (టెలికాం కంపెనీలు పంపే కాల్ రికార్డులు) బ్యాంకు స్టేట్‌మెంట్లకూ డ్యాష్‌బోర్డులు చేసి పెట్టేదాన్ని. ఇప్పుడు వేరే పనిలో ఉన్నా, తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు: దర్యాప్తులో ఈ డ్యాష్‌బోర్డులు నిజంగా పనికొస్తాయా, లేక షోనా? అమ్మేవాళ్లేమో బటన్ నొక్కితే నేరస్థుడు బయటికొచ్చేస్తాడన్నట్టు చెబుతారు. పాతకాలం ఆఫీసర్లేమో పెదవి విరుస్తారు. నా అభిప్రాయం ఆ స్లైడర్ దగ్గరే ఏర్పడింది. అదే సమాచారాన్ని నేను ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చుంటే జూలై ఎవరికీ కనబడేది కాదు. జనవరి నుంచి మే దాకా చక్కటి రంగుల చార్టు, దాని కింద నా థియరీ, అంతే. కదిలించి చూడగలిగే తెర కాబట్టి కదిలించారు. కానీ కదిలించింది ఎవరు? ఫైలు ఏ వారంలో వచ్చిందో గుర్తున్న మనిషి. తెర మీద బాగా చేయి తిరిగిన నేను రెండు రోజులుగా చూస్తున్నా నాకది పట్టలేదు. అందుకే డ్యాష్‌బోర్డును కేసు తెలిసిన మనిషి చేతికివ్వాలి అంటాను. అది తానేం చూపించడం లేదో ఆయనకు చెప్పగలగాలి అని కూడా అంటాను. ఈ రెండో మాట ఒప్పించడమే కష్టం. మా కంపెనీలోనే ఒప్పించలేకపోయాను.

ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనం అనుకుని కొన్నాళ్లు సిగ్గుపడ్డాను. తర్వాత డెన్మార్క్ సంగతి చదివాను. అక్కడ పోలీసులు టెలికాం కంపెనీలు పంపే ముడి రికార్డుల్ని తమకు పనికొచ్చే రూపంలోకి మార్చుకోడానికి ఒక సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు. మార్చేటప్పుడు అది కొన్ని వివరాల్ని వదిలేస్తూ వచ్చింది. ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉందన్న దగ్గర కూడా తప్పులు బయటపడ్డాయి. 2019 ఆగస్టులో అక్కడి ప్రాసిక్యూషన్ అధిపతి ఫోన్ లొకేషన్ సాక్ష్యాల్ని కోర్టుల్లో వాడటం రెండు నెలలు ఆపించేశారు. 2012 నుంచి నడిచిన దాదాపు 10,700 కేసుల్ని మళ్లీ తిరగదోడాల్సి వచ్చింది. అన్నేళ్లపాటు ఆ తెరల ముందు కూర్చున్నవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. వాళ్ల ముందుకొచ్చిన పట్టిక నీటుగా ఉంది. పోయిన వరుస పోయానని అరవదు కదా.

టవర్ మాట వచ్చింది కాబట్టి ఒక పిడకల వేట. పేపర్లలో "సెల్ టవర్ లొకేషన్ ఆధారంగా" అని రాస్తే మనిషి ఫలానా ఇంటి గుమ్మంలో నిలబడ్డట్టు అనుకుంటాం. సీడీఆర్‌లో ఉండేది సెల్ ఐడీ, అంటే ఫలానా టవర్ మీద ఫలానా దిక్కుకు తిప్పిన యాంటెన్నా. మామూలుగా టవర్‌కి మూడు దిక్కులకు యాంటెన్నాలు ఉంటాయి, ఒక్కోటీ 120 డిగ్రీల మేర. నగరంలో అది రెండు మూడు వీధుల మేర కావచ్చు. పల్లెలో కొన్ని కిలోమీటర్ల పొలాలు, మధ్యలో రెండు ఊళ్లు కావచ్చు. మ్యాప్ మీద మాత్రం సాఫ్ట్‌వేర్ టవర్ దగ్గర ఒక ఎర్ర చుక్క పెట్టి ఊరుకుంటుంది. చుక్క అబద్ధం. నేను తర్వాత చేసిన వాటిలో చుక్క తీసేసి విసనకర్ర ఆకారం గీశాను, ఆ దిక్కున, ఆ మేర. చూడ్డానికి అసహ్యంగా ఉందన్నారు. మ్యాప్ నిండా ఒకదాని మీద ఒకటి పడిన విసనకర్రలు, నిజంగానే అసహ్యంగా ఉంటుంది. కానీ ఆ అసహ్యం చూశాకనే ఒక కానిస్టేబుల్, "ఇంత ఏరియాలో మా అత్తగారి ఊరు కూడా ఉంది మేడమ్" అన్నాడు. నాకు కావలసింది ఆ మాటే.

అలాగని పాత పద్ధతే మేలనే వాదన నేను అస్సలు ఒప్పుకోను. కాగితం ఎంత నష్టం చేయగలదో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ చూసింది. 1975 నుంచి 1980 దాకా పీటర్ సట్‌క్లిఫ్ అనే లారీ డ్రైవర్ 13 మంది స్త్రీలను చంపాడు. లీడ్స్‌లో దర్యాప్తు నడిచిన ఇన్సిడెంట్ రూమ్‌లో అట్టముక్కల మీద ఇండెక్స్ కార్డులు. పేరుకో కార్డు, బండికో కార్డు, వచ్చిన ప్రతి కబురుకూ ఒకటి. అవి గుట్టలుగా పెరిగిపోయి, కొత్త కాగితాలు కార్డులెక్కక నెలల తరబడి పడి ఉండేవి. ఆ దర్యాప్తులో సట్‌క్లిఫ్‌ని పోలీసులు తొమ్మిదిసార్లు ప్రశ్నించారు. రెడ్‌లైట్ ప్రాంతాల్లో అతని కారు పదే పదే కనబడిందని ఒక చోట ఉంది. హతురాలి బ్యాగులో దొరికిన కొత్త అయిదు పౌండ్ల నోటు జీతంగా అందుకుని ఉండగల ఉద్యోగుల్లో అతనూ ఒకడని ఇంకో చోట ఉంది. రెండూ ఒకే కళ్లముందు ఒకేసారి పడితేనే ఉపయోగం. పడలేదు. చివరికి 1981 జనవరిలో షెఫీల్డ్‌లో కారుకు దొంగ నంబర్ ప్లేటు ఉందని మామూలు గస్తీ పోలీసులు పట్టుకుంటే దొరికాడు. ఆ తర్వాత లారెన్స్ బైఫోర్డ్ అనే పెద్ద పోలీసు అధికారి చేసిన విచారణ ఈ కార్డుల గదిని కడిగి ఆరేసింది. పెద్ద కేసుల కోసం బ్రిటన్ పోలీసులు హోమ్స్ అనే కంప్యూటర్ వ్యవస్థను 1985లో తెచ్చుకోవడానికి ముఖ్య కారణం ఈ వైఫల్యమే. షెర్లాక్ హోమ్స్ గుర్తొచ్చేలా కావాలనే అక్షరాలు కూర్చి పెట్టిన పేరు.

కానీ ఈ కథలో నన్ను ఎక్కువ భయపెట్టేది కార్డులు కాదు, ఫిల్టర్. ఎవడో నేనే హంతకుణ్ణంటూ ఉత్తరాలు రాసి, 1979లో ఒక టేప్ కూడా పంపాడు. యాస ఇంగ్లండ్ ఈశాన్యాన ఉన్న సండర్లాండ్ వైపుది. దర్యాప్తు పెద్దలు దాన్ని నమ్మేశారు. అక్కణ్ణుంచి ఆ యాస లేనివాణ్ణి, ఉత్తరాల్లోని చేతిరాతతో కలవనివాణ్ణి పక్కన పెట్టడం మొదలైంది. సట్‌క్లిఫ్ మీద అనుమానం ఉందని ఒక డిటెక్టివ్ రిపోర్టు రాసిచ్చినా అది ఫైల్లోకి పోయింది. టేప్ బూటకం అని సట్‌క్లిఫ్ దొరికాకనే తేలింది, పంపినవాడికి శిక్ష పడింది మాత్రం 2006లో. ఇదే టేప్ ఇవాళ వచ్చి ఉంటే ఏమయ్యేది? మంచి డ్యాష్‌బోర్డు మీద ఎవరో పెద్దాయన "యాస: సండర్లాండ్" అని ఒక ఫిల్టర్ పెడతారు. దాన్ని సేవ్ చేస్తారు. మర్నాటి నుంచి అందరూ తెరవగానే వచ్చే తెర అదే. అట్టముక్కల గదిలో కనీసం పక్కన పెట్టిన కార్డుల గుట్ట కంటికి కనబడుతుంది, తెర మీద అదీ ఉండదు. ఫిల్టర్ ఆన్‌లో ఉందని చెప్పే చిన్న గరాటు గుర్తు ఒకటి మూలన ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. నా జనవరి-మే స్లైడర్ కూడా అలాంటి ఫిల్టరే, పెట్టింది నేనే.

పెద్ద గోడ తెరల గురించి నాలుగు మాటలు చెప్పి వదిలేస్తాను. 2022 ఆగస్టులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్ లాంటి చోట గోడంత తెరకు అర్థముంది. నిమజ్జనం రోజు జనం ఎటు కదులుతున్నారో పది మంది ఒకేసారి చూడాలి. కానీ అదే ఫ్యాషన్ చిన్న ఆఫీసుల్లోకి దిగి, నేరాల అంకెల మీద ఎర్ర బాణం, పచ్చ బాణం పెట్టడం మొదలయ్యాక మాత్రం తంటా వస్తుంది. కేసు రిజిస్టర్ చేయకుండా ఫిర్యాదుదారుణ్ణి తిప్పి పంపడాన్ని మన పోలీసు శాఖలో బర్కింగ్ అంటారు, పాత మాటే. విచారణార్హమైన నేరం గురించి ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అయినా స్టేషన్‌లో దొంగతనాలు పెరిగితే గోడ మీద ఎర్ర బాణం వస్తుందని తెలిసిన స్టేషన్ ఆఫీసర్ చేయి ఎఫ్ఐఆర్ పుస్తకం దగ్గర కాస్త తటపటాయిస్తుంది. నేరాలు పెరగడం వేరు, నేరాల నమోదు పెరగడం వేరు అని జాతీయ నేర గణాంకాల బ్యూరో తన పుస్తకాల్లోనే హెచ్చరిస్తుంది. బాణానికి ఆ తేడా తెలియదు. నేను ఒకచోట బాణాలు తీసేద్దాం అన్నాను. "విజిటర్స్ వస్తారు మేడమ్, బాగుండాలి కదా" అన్నారు. తీయలేదు.

అసలు పని ఎక్కడుందో చెప్తాను. ఐఎంఈఐ అనేది ఫోన్‌కి ఉండే 15 అంకెల నంబర్. దొంగ సిమ్ మారుస్తాడు, హ్యాండ్‌సెట్ అంత తొందరగా మార్చడు. కాబట్టి ఐఎంఈఐ పట్టుకుని కొత్త సిమ్ వెతుకుతాం. చిక్కేమిటంటే, 15వ అంకె మిగతా పద్నాలుగింటి నుంచి లెక్కగట్టి పెట్టే చెక్ అంకె. నెట్‌వర్క్ రికార్డుల్లో చాలాసార్లు ఆ స్థానంలో సున్నా ఉంటుంది. డబ్బా మీద చివర 6, సీడీఆర్‌లో చివర 0. రెండు ఫైళ్లూ కలిపి "సరిపోలినవి చూపించు" అంటే తెర నిక్కచ్చిగా "ఏమీ లేవు" అంటుంది. 14 అంకెలతో వెతకాలి. ఇది నాకు ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు, ఆ ఏఎస్ఐ గారే చెప్పారు. ఆయన చాలా ఏళ్లుగా చివరి అంకెను పెన్నుతో కొట్టేసి కళ్లతో వెతుకుతున్నారు! అలాగే ఎక్సెల్ 15 అంకెలు దాటిన సంఖ్యను సంఖ్యగా తీసుకుంటే పదహారో అంకెను సున్నా చేసేస్తుంది. 16 అంకెల ఖాతా నంబర్లు రెండు, చివరి అంకె ఒక్కటే తేడా. తెర మీద రెండూ ఒకే ఖాతా అయిపోతాయి. ఇద్దరు కొత్తవాళ్ల మధ్య చుట్టరికం కుదిరిపోతుంది. ముందు ఉండాల్సిన సున్నాలు ఎగిరిపోవడం సరేసరి. పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వెంకటేశ్వర్లు అన్న ఒక్క పేరునే ఇంగ్లీషులో మన స్టేషన్లు ఎన్ని రకాలుగా టైప్ చేస్తాయో లెక్కపెట్టబోయి మానేశాను.

ఇవన్నీ సరిచేశాక, అప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడారో చుక్కలతో, గీతలతో చూపించే సాలెగూడు బొమ్మ గీయాలి. కొత్తలో నేను గీసిన మొదటి సాలెగూట్లో, అనుమానితులు అందరికీ మధ్యలో, అందరితోనూ మాట్లాడిన ఒక పెద్ద చుక్క వచ్చింది. గదిలో అందరం ముందుకు వంగాం. నంబర్ ఎవరిదో చూస్తే ఆ ఊరి గ్యాస్ ఏజెన్సీది. అప్పట్నుంచి సాలెగూడు చూపించే ముందు గ్యాస్, కరెంటాఫీసు, రీచార్జి షాపు, కేబుల్ టీవీ కుర్రాడు, వీళ్లను విడిగా గుర్తుపెట్టే జాబితా ఒకటి తయారుచేసుకున్నాం. తీసేయలేదు, బూడిద రంగు వేశాం. గ్యాస్ ఏజెన్సీలో పనిచేసేవాడే దొంగ అయితే?

డ్యాష్‌బోర్డు తన ఖరీదు తాను సంపాదించుకునే చోటు సైబర్ మోసాలు. ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ వచ్చేసరికి డబ్బు మొదటి ఖాతాలోంచి రెండో వరుస ఖాతాల్లోకి, అక్కణ్ణుంచి మూడో వరుసకు పారిపోతూ ఉంటుంది. లేయర్లు అంటారు. ఒంగోలులో ఫిర్యాదు చేసినవాడి డబ్బు, నిజామాబాద్‌లో ఫిర్యాదు చేసినావిడ డబ్బు, మూడో రాష్ట్రంలో, మోసగాళ్లు అద్దెకు తీసుకున్న ఒకే ఖాతాలో కలుస్తాయి. దేశంలోని ఫిర్యాదులన్నీ ఒక్కచోటికి తెచ్చి, ఒకే నంబర్, ఒకే ఖాతా ఎక్కడెక్కడ వచ్చిందో చూపించే తెర లేకపోతే ఈ రెండు కేసులూ రెండు అల్మారాల్లో వేర్వేరుగా ముసలివైపోతాయి. యార్క్‌షైర్ కార్డుల్లాగే. స్టేట్‌మెంట్లు ముందేసుకుని స్కేలుతో గీతలు గీసే టైము ఇక్కడ లేదు.

అయితే అదే తెర మా వీధి చివర టిఫిన్ సెంటర్ ఆయన్ని కూడా పట్టుకుంది. ఎవరో కస్టమర్ నాలుగు దోసెలకు యూపీఐ చేశాడు. ఆ డబ్బు నాలుగైదు చేతులు మారి వచ్చిన మోసం డబ్బులో తునక. ఖాతా మొత్తానికి హోల్డ్. "మేడమ్, మీరు ఈ పనులే చేస్తారంట కదా, నేను చేసిందేమిటి చెప్పండి" అని అడిగాడు, ఉప్మా పొట్లం కడుతూనే. నేనేం చెప్తాను? ఏదో రాష్ట్రంలో ఎవరి తెర మీదో ఈయన ఒక ఎర్ర చుక్క. ఆ చుక్క మీద నొక్కితే, "వచ్చిన మొత్తం ఇంత, రోజుకు ఇలాంటివి ఇన్ని చిల్లర జమలు, ఇది దుకాణం ఖాతాలా ఉంది" అని కనబడాలి. ఆ సమాచారం బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనే ఉంది. కింది వరుసదాకా దిగే మెట్లు ఎవరూ కట్టలేదు, అంతే. ఖాతా తెరుచుకోడానికి ఆయన రెండు నెలలు తిరిగాడు. ఆ రెండు నెలలూ గోడ మీద క్యూఆర్ కోడ్ బోర్లించి పెట్టి, చిల్లర డబ్బాతో వ్యాపారం చేశాడు.

కోర్టుకు మన రంగుల చార్టు అక్కర్లేదన్న సంగతి కూడా చాలామంది మర్చిపోతారు. జడ్జి గారు చూసేది ముడి ఫైలు, దాంతోపాటు సర్టిఫికెట్. పాత ఎవిడెన్స్ చట్టంలో 65బి, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63. ఇప్పుడు ఆ సర్టిఫికెట్‌లో ఫైలుకి వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ కూడా రాయాలి, అంటే ఒక్క అక్షరం మారినా బయటపడుతుంది. నా డ్యాష్‌బోర్డు ఆ ఫైలు మీద పరిచిన దుప్పటి లాంటిది. దుప్పటి ఎత్తి కింద ఏముందో ఎప్పుడైనా చూపించగలగాలి. లేకపోతే డిఫెన్స్ లాయరు చూపిస్తాడు.

జూలై గొడవ తర్వాత నేను చేసిన ప్రతి డ్యాష్‌బోర్డులో ఎడమ పక్క పైన రెండు అంకెలు పెట్టడం మొదలుపెట్టాను. ఫైల్లో వచ్చిన వరుసలు ఎన్ని, తెర మీద చూపిస్తున్నవి ఎన్ని. రెండూ సమానం కాకపోతే తేడా మీద నొక్కాలి, పోయిన వరుసలు ఒక్కొక్కటీ బయటికి రావాలి. డిజైన్ చేసే కుర్రాడు మంచి స్థలం అంతా ఆ అంకెలకే పోతోందని గొణిగేవాడు. ఏఎస్ఐ గారికి మాత్రం అదే నచ్చింది. కొత్త ఫైలు ఎక్కించగానే కుర్చీ లాక్కుని, "ఎన్ని పోయాయమ్మా?" అనేవారు, పొలం నుంచి వచ్చినవాణ్ణి దిగుబడి అడిగినట్టు.

ఆయన రిటైరయ్యే ముందు చివరి ఫైలు ఒకటి ఎక్కించాం. వచ్చినవి 41,212. చూపిస్తున్నవి 41,209. మూడు తక్కువ. తేడా మీద నొక్కితే మూడు ఖాళీ వరుసలు వచ్చాయి, నంబర్ లేదు, తేదీ లేదు. మూడే కదా వదిలేద్దామా అన్నాను, సాయంత్రం ఆరు దాటింది. ఆయన కదల్లేదు. ముడి ఫైలు తెరిచి, నలభై వేల వరుసల్లో గంటసేపు వెతికి, మూడూ పట్టుకున్నాం. అట్టడుగున, కాల్స్ అన్నీ అయిపోయాక ఉన్నాయి. మొదటిది ఒక అడ్డగీత. రెండోది, "ఇది కంప్యూటర్ తయారుచేసిన పత్రం." మూడోది, "దీనికి సంతకం అవసరం లేదు."

"సరే, ఇప్పుడు చూపించమ్మా" అన్నారు.